పైడమ్మ కలిపిన జిగురు

పైడమ్మ పలాస వెళ్ళిందంటే రెండు పనులు ఖాయం. రజని కొట్లో జిగురు కొనడం ఒకటి, దారిలో ఎవరినో ఒకరిని దులిపెయ్యడం ఇంకొకటి. ఆ వేళ ఆటోలో మనుషుల్ని జీడిపిక్కల బస్తాల్లా కుక్కినందుకు డ్రైవరుకి అయింది. కొట్టు మెట్ల మీద మోటారుసైకిలు అడ్డంగా పెట్టినవాడికి అయింది. ఇంక మిగిలింది రజని.

రజని రంగులు, మేకులు, జిగుర్లు అమ్ముతుంది. చాలా ఏళ్ళ బేరం కాబట్టి పైడమ్మ తిట్లు ఆమెకి వాన చప్పుడు లాంటివి. వింటూనే తన పని తను చేసుకుపోతుంది.

"మొన్న నువ్విచ్చిన తెల్ల జిగురు మజ్జిగలాగున్నాదే! పడవ పక్కటెముకలు నిలబెడితే ఒక్కటి నిలబడితే ఒట్టు."

"బట్టలకి పెట్టే క్లిప్పులెట్టి పూటంతా ఒగ్గెయ్యమన్నాను. ఒగ్గినావేటి? ఇలగంటించి అలగ పీకి సూసుంటావు. నీకు ఓపిక నేదప్పా, జిగురు తప్పేటి?"

మాట నిజమే. నిజమైన మాటకి పైడమ్మ ఎప్పుడు ఒప్పుకుంది కనక!

చెక్క పడవ బొమ్మలు చెయ్యడం ఆమెకి తండ్రి దాలయ్య నేర్పిన విద్య. కిడ్నీలు చెడిపోయి డయాలసిస్‌కి తిరిగే రోజుల్లో కూడా ఆయన ఒళ్ళో చెక్కా ఉలీ పెట్టుకునే కూచున్నాడు. ఏ అతుక్కి ఏ జిగురో నోటితో చెప్పించుకుని మరీ నేర్పాడు. లోపలి పక్కటెముకలకి తెల్ల జిగురు, ఎందుకంటే తప్పు పడితే వేన్నీళ్ళ గుడ్డ వేసి విప్పుకోవచ్చు. తెరచాప కొయ్యలాంటి చిన్న ముక్కలకి చిటికెలో అంటుకునే బుల్లి ట్యూబు. దాని పట్టు గట్టిదే గానీ పెళుసు, ఒక్క దెబ్బ తగిలితే టపీమని ఊడుతుంది. నీళ్ళు తగిలే అడుగుకి మాత్రం రెండు ట్యూబుల ఎపాక్సీ. ఒక ట్యూబులో జిగురు, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే మందు. సరిసమానంగా కలిపితే వేడెక్కి, మెల్లిగా రాయైపోతుంది. అందులోనూ అయిదు నిమిషాలది ఉంది, తెల్లారేదాకా తీసుకునేది ఉంది. దాలయ్య రెండోదాన్నే నమ్మేవాడు. "బేగి అంటుకున్నది బేగి ఊడతాది" అనేవాడు. అల్లుళ్ళ ప్రస్తావన వచ్చినా అదే మాట అనేవాడు.

"ఈసారి ఏటి కావాల?" అంది రజని.

"కదలకుండా పట్టుకునేది కావాల."

"దేన్ని?"

"హరిబాబు బోటుని."

రజని ఆశ్చర్యపోలేదు. "ఓహో, పిల్లపడవకి అంటిత్తావన్నమాట. అయితే ముందు ఒక మాట సెప్పు. మళ్ళీ ఊడాలా, ఒద్దా?"

పైడమ్మ ఒక్కో డబ్బా తీసి, తిప్పి చూసి, మళ్ళీ పెట్టింది.

వాళ్ళది వజ్రపుకొత్తూరు దాటాక సరుగుడు తోటల అవతల, సముద్రానికి ఆనుకున్న ఊరు. అక్కడ ఏ బోటు కట్టినా దానికో పిల్లపడవ కూడా చేస్తారు. బోటు ఫైబర్‌దైనా సరే, పిల్ల మాత్రం పనస చెక్కదే, మూరెడు పొడవుంటుంది. బోటు నడిపే సరంగు ఇంట్లో, గోడబల్ల మీద చిన్న పీటెక్కి కూచుంటుంది. బోటు సముద్రంలో ఉన్నంతసేపూ పిల్లపడవ అడుగు తడిగా ఉంటుంది. బోటు ఊగితే ఇదీ ఊగుతుంది. చేత్తో ఎత్తి ఎక్కడికి తీసుకెళ్ళినా బోటుకేమీ కాదు గానీ, కూచున్నచోట దీన్ని కదలకుండా ఆపితే బోటూ ఆగిపోతుంది. సరంగు పెళ్ళాలు కింద గిన్నె పెట్టి, ఆ ఉప్పునీటి బొట్లు పట్టి పారబోసుకుంటూ పొయ్యి పని చూసుకుంటారు. అడుగు ఆరిందంటే బోటు ఒడ్డెక్కినట్టు, ఇంక ఎసరు పెట్టొచ్చు. ఒకసారి పక్కింటి పిల్లి వచ్చి పిల్లపడవ మీద ముడుచుకుని పడుకుంటే, అది లేచి ఒళ్ళు విరుచుకునేదాకా నడిసముద్రంలో బోటు అంగుళం కదల్లేదు. ఇంజను అరిచి అరిచి పొగ కక్కింది. అప్పట్నుంచి పిల్లులు తిరిగే ఇళ్ళల్లో పిల్లపడవ మీద బుట్ట బోర్లిస్తున్నారు.

దెబ్బల సంగతి వేరు. "కదలిక ఇద్దరిదీ, దెబ్బ మాత్రం తల్లిది" అనేవాడు దాలయ్య. బోటు పగిలితే పిల్లా పగులుతుంది. పిల్ల పగులు పూడిస్తే మాత్రం బోటు పగులు పూడదు. ఎంత మంచి జిగురు మెత్తినా మర్నాటికి పెచ్చులూడిపోతుంది. బోటుని బాగుచేస్తేనే పిల్ల బాగవుతుంది.

పైడమ్మ మొగుడు సోములు హరిబాబు బోటుకి సరంగు. ఎండాకాలం వేట నిషేధం మొదలయ్యే ముందు, ఆఖరి వేటనాడు, పైడమ్మ చేపల పులుసులో చింతపండు పిసుకుతూ తలెత్తి చూస్తే పిల్లపడవ కడుపులో నీళ్ళున్నాయి. అడుగున, వెనకపక్క, వెంట్రుకంత గీతలోంచి ఊరుతున్నాయి. పిల్లలోంచి తోడితే బోటులో నీళ్ళు తగ్గవని ఆమెకి తెలుసు. అయినా చెంచా పట్టుకుని తోడింది. తోడినంతసేపూ హరిబాబుని ఏడు తరాలు వెనక్కి తిట్టింది. పొద్దుగూకేవేళకి సోములు ఇంటికొచ్చాడు. నీళ్ళు తోడి తోడి అరచేతులు తోలూడిపోయి ఉన్నాయి. అన్నం ముద్ద కూడా పైడమ్మే కలిపి పెట్టాల్సి వచ్చింది.

ఇంజను కూచునే చోట, అడుగున, ఫైబరు చీలింది. దాన్ని గీకి పారేసి, కొత్త ఫైబరు గుడ్డ పొరలు వేసి, రెసిన్ పోసి, ఎండలో ఆరబెట్టాలి. నిషేధం పొడుగునా బోటు ఒడ్డున ఖాళీగానే పడుంది. చేయించాలనుకుంటే దానికంటే మంచి అదను ఉంటుందా? హరిబాబుకి తీరలేదు. తీరా వేట తెరిచే రోజు దగ్గర పడ్డాక ఒక పెయింటరుని పిలిపించి, పగులులో లప్పం కుక్కించి, పైన నీలం రంగు కొట్టించాడు. పైన పటారం, లోన లొటారం. బోటు పెళ్ళికొడుకులా తయారైంది. పైడమ్మ ఇంట్లో పిల్లపడవ అడుగున మాత్రం గీత గీతలాగే ఉంది.

పైడమ్మ ఊరుకుంటుందా? పిల్లపడవని చంకలో పెట్టుకుని హరిబాబు ఇంటికి వెళ్ళింది.

"బాబూ, అది లప్పం. గోడలకి రాసుకునేది. సముద్రానికి ఆగదు."

"పెయింటరు దిట్టంగా ఉందన్నాడు."

"పెయింటరెక్కుతాడేటి బోటు?"

వరండాలో కూచున్నవాళ్ళు నవ్వారు. హరిబాబుకి ఒళ్ళు మండింది. పిల్లపడవని తిరగేసి చూసి, "ఇది చెక్క కదే, ఎండకి బీటేసుంటాది" అన్నాడు. "వేట తెరిచిన రోజు ఏటా నా బోటే ముందు దిగుతాది. టెక్కలి నుంచి మనుషులొస్తన్నారు సూడ్డానికి. ఆ వేళ నా బోటు ఒడ్డునుంటే పరువేటి కావాల? రెండు మూడు వేటలు కానీ, తరవాత సూద్దాం. నీ మొగుడికి బయమైతే సెప్పు, సరంగులకి కరువు లేదు."

పరువట! ఆ పరువు ఎవరి ప్రాణాల మీద తేలుతుందో ఆయనకి పట్టలేదు. ఆ అరికాలి మంట నెత్తికెక్కి పైడమ్మ పలాస ఆటో ఎక్కింది. అందుకే డ్రైవరుకి అయింది.

"ఊడాల" అంది చివరికి రజనితో. "ఆ పగులు సరిగ్గా బాగుసేయించేదాకా పట్టుకోవాల. సేయించినాక ఊడాల. అది లేకపోతే మాకు మాత్రం తిండెక్కడిది?"

"అయితే తెల్లదే నయం. వేన్నీళ్ళతో ఇప్పుకోవచ్చు. కానీ తడి తగిలితే మాత్రం నన్నడక్కు."

"ఒడ్డునుండే బోటుకి తడేటి?"

పైడమ్మ తెల్ల జిగురు డబ్బా కొనుక్కుంది. బొమ్మల అడుగులకి ఎలాగూ కావాలి కాబట్టి తెల్లారేదాకా ఆరే ఎపాక్సీ కూడా ఒకటి పట్టుకెళ్ళింది.

ఇంటికొచ్చి పిల్లపడవ అడుగుకీ కింద పీటకీ తెల్ల జిగురు రాసి, క్లిప్పులూ రబ్బరు బ్యాండ్లూ వేసి బిగించి, జీవితంలో మొదటిసారి పూటంతా ముట్టుకోకుండా ఒదిలింది. పీటని గోడబల్లకి మేకులు దిగ్గొట్టింది. సోములు చూశాడు. తలూపాడు. సోములు ఎప్పుడు ఏమన్నాడు గనక. ఓనరు అన్నదానికీ తలూపుతాడు, పెళ్ళాం అన్నదానికీ తలూపుతాడు. మంచివాడు, అదే అతనితో చిక్కు.

వేట తెరవడానికి ముందురోజు ఇంజను సరిచూసుకోవడానికి బోట్లని ఓసారి నీళ్ళలోకి దింపుతారు. హరిబాబు బోటుకి ఊళ్ళో మగాళ్ళందరూ భుజాలానించారు. "ఐలెస్సా" అన్నారు, "ఓలెస్సా" అన్నారు. బోటు కదిలితేనా! పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నట్టు కూచుంది. నవ్వులు మొదలయ్యాయి. "పైడమ్మ ఏదో సేసినాదిరా" అన్నారు. హరిబాబు ట్రాక్టరు తెప్పించాడు. ట్రాక్టరు చక్రాలు ఇసకలో గుంటలు తవ్వుకున్నాయి తప్ప బోటు జరగలేదు. ఇంట్లో పైడమ్మ పిల్లపడవ ముందు బాసింపట్టు వేసుకుని కూచుని, చప్పుళ్ళన్నీ వింటూ, గర్వంగా కిళ్ళీ నమిలింది.

అప్పుడు పోటు వచ్చింది. ఒక పెద్ద కెరటం ఒడ్డు మీదికి పాకి బోటు కిందికంటా వెళ్ళింది. పిల్లపడవ అడుగు తడిసింది. పైడమ్మ కళ్ళ ముందే జిగురు పాలలా తెల్లబడి, మెత్తబడి, జారిపోయింది. అక్కడ బోటు ఒక్క ఊపున నీళ్ళలోకి దూకింది. నెడుతున్నవాళ్ళు నెడుతున్నట్టే బోర్లాపడ్డారు.

"థూ! నువ్వూ ఒక జిగురువేనా!" అని డబ్బా తీసి పెరట్లోకి విసిరింది.

ఇంజను చూసుకుని బోటుని మళ్ళీ పైకి లాగేశారు. ఆ కాసేపటికే పిల్లపడవ కడుపులో చెంచాడు నీళ్ళు చేరాయి. సోములు వచ్చాక ఆ చెంచా చూపించింది. అతను ఆ నీళ్ళలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. తర్వాత తువాలు భుజాన వేసుకుని, ఏదో పెద్ద పని మీద వెళ్ళేవాడిలా బయటికెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాడు. మొహంలో బరువు దిగింది.

"సెప్పీసినాను పైడీ" అన్నాడు. "నానెక్కనని సెప్పీసినాను. బాబు తిట్టినాడు. తిడితే తిట్టినాడు. నువ్వింక కోపం తగ్గించుకో."

దీపం వత్తి సరిచేస్తున్న పైడమ్మ గిరుక్కున తిరిగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఇతను ఒకరికి కాదని చెప్పడం ఇదే మొదలు. దగ్గరికెళ్ళి ఏదో మంచి మాట అనబోయింది. ఈలోగా అతనే అన్నాడు.

"ఢిల్లీరావు ఎక్కుతాడట. రేప్పొద్దున్నే ఆడి పెళ్ళాం పిల్లపడవ తీసుకెళ్ళడానికి వత్తాది. పసుపు కుంకమెట్టి ఇచ్చీ."

ఢిల్లీరావు సోములికి పిన్ని కొడుకు. పోయినేడే పెళ్ళయింది. పెళ్ళాం అశ్వినికి ఇప్పుడు నాలుగో నెల.

పైడమ్మ అనబోయిన మంచి మాట గొంతులోనే బూడిదైపోయింది. "అంటే? నా మొగుడు దిగిపోతే సాలా? ఇంకొకర్తి మొగుడు మునిగితే పరవానేదా? మావా, అదేటి మాట! అశ్విని కడుపులో ఉన్నాదానికి నువ్వు సెప్తావా సమాదానం, నన్ను సెప్పమంటావా?"

"ఢిల్లీరావుకి సెప్పినాను. ఆడు ఇనలేదు. సరంగునవుతానని ఊగిపోతన్నాడు. నన్నేటి సెయ్యమంటావు?"

"ఏటీ సెయ్యకు. నువ్వు ఎప్పుడూ సేసింది అదే కదా!"

ఆ మాట అతనికి తగిలింది. తగలాలనే అంది. అని, విసురుగా పెరట్లోకి పోయింది.

పెరట్లో సగం భూమిలోకి పాతిన రుబ్బురోలు ఉంది. పైడమ్మ రోలు అంచుని ఉలితో గంట్లు పెట్టి గరుకు చేసింది. కడిగింది. పొయ్యిలో బొగ్గులు తెచ్చి చుట్టూ పోసి, తడి చుక్క లేకుండా ఆరబెట్టింది. పిల్లపడవ అడుగున ఉన్న పాత జిగురంతా గీకి, గరుకు కాగితంతో రుద్దింది. ఎపాక్సీ రెండు ట్యూబులూ కొబ్బరి చిప్పలో పిండింది. కోపం ఇంకా దిగలేదు. గట్టిపరిచే మందు కాస్త ఎక్కువ పిండితే ఇంకా గట్టిగా పట్టుకోదా అనిపించింది. అలా అనిపించిన ప్రతివాడూ చెడ్డాడని దాలయ్య ఎన్నిసార్లు చెప్పాడో! ఆ మందు ఎక్కువైతే జిగురు పెళుసైపోతుంది. పళ్ళు కొరుక్కుని సరిసమానంగా కలిపింది. సందులు పూడటానికి రంపపు పొట్టు కలిపి ముద్ద చేసింది. చిప్ప వేడెక్కింది.

వేన్నీళ్ళకి ఇది విడదు. సెలవు రోజుకో పండక్కో తీసి మళ్ళీ పెట్టుకోడానికి కుదరదు. ఇది పెడితే హరిబాబు బోటు ఇంక ఎప్పటికీ సముద్రం మొహం చూడదు. రేపు హరిబాబు ఆ పగులు నిజంగానే బాగుచేయించినా సరే, అంతే. బోటు మీద బతికే ఇళ్ళన్నీ వేరే ఓనర్ల గుమ్మాలెక్కాలి, అందులో తన ఇల్లూ ఒకటి. చిప్పలో ముద్ద చిక్కబడుతోంది. ఆలోచించడానికి ఇంక టైము లేదు.

వెనక అడుగుల చప్పుడైంది. సోములు.

"ఇది ఊడదు కదేటి?"

"ఊడదు."

సోములు గొంతుక్కూచుని చిప్పలోకి తొంగి చూశాడు. "అయితే ఆ ముందుపక్క ఇంకాస్త మెత్తు" అన్నాడు. "కెరటం ముందుపక్కే తంతాది."

పైడమ్మ మెత్తింది. ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని, పిల్లపడవని రోలు మీద అడ్డంగా ఆనించి, అది నిలదొక్కుకునేదాకా పట్టుకుని కూచున్నారు. పగులున్న వెనకభాగం మాత్రం రోలు అంచు దాటి బయటికే ఉంది. "కోపం తగ్గినాదేటి?" అని అడిగాడు సోములు. "నోర్ముయ్యి మావా" అంది పైడమ్మ.

తెల్లారేసరికి రాయీ చెక్కా ఒకటైపోయాయి.

పొద్దున్నే అశ్విని వచ్చింది. కొత్త చీర, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పసుపూ కుంకమా అరటిపళ్ళూ. ఒడ్డున అప్పటికే డప్పులు మోగుతున్నాయి. సోములు అక్కడికే వెళ్ళాడు. బోటు దిగేటప్పుడు ఊళ్ళో మగాడు భుజమివ్వకపోతే తప్పు.

"అప్పా, పిల్లపడవ ఇచ్చీ" అంది అశ్విని. ఎంత అణుచుకుందామన్నా సంతోషం మొహంలో దాగడం లేదు. "ముహూర్తం టైమైపోతన్నాది."

"అదిగో, తీసుకో."

అశ్విని రోలు దగ్గరికెళ్ళి లాగింది. పళ్ళెం కింద పెట్టి రెండు చేతులతో లాగింది. అటు ఒడ్డున ఎవరో కేకేశారు, బోటు దానంతటది ఒణికింది కాబోలు.

"ఇదేటి? రాదేటి?"

"రాదు. ఎపాక్సీ పెట్టినాను."

అశ్విని మొహం ఎర్రబడింది. వయసులో చిన్నదే గానీ నోరు పైడమ్మకి తీసిపోదు. "నీ మొగుడు దిగిపోతే నా మొగుడు ఎక్కకూడదా? ఇన్నాళ్ళూ సరంగు పెళ్ళాన్నని ఊరంతా నిక్కుకుంటా తిరగలేదేటి నువ్వు? మా వంతు వచ్చేసరికి జిగురు రాసేత్తావా? ఎంత కుళ్ళప్పా నీకు!"

"కుళ్ళు కాదే పిచ్చిముండా! ఈ గీత సూడు. ఏలెట్టి సూడు. నిన్న చెంచాడు నీళ్ళు తోడినాను నాను దీన్లోంచి. కాసేపటికే చెంచాడు. పొద్దస్తమానం నడిపితే ఎంత?"

"బాబు లప్పం ఏయించినాడు."

"నీ మొగుడి ప్రాణానికి లప్పం సాలా నీకు?"

అశ్విని తల ఒడ్డుకేసి తిప్పింది. అక్కడ ట్రాక్టర్ల మోత అంతకంతకీ పెరుగుతోంది. ఈసారి రెండు ట్రాక్టర్లు. హరిబాబు టెక్కలి మనుషుల ముందు నవ్వులపాలు కాలేడు కదా. రోలు మీద పిల్లపడవ కిరకిరలాడింది. జిగురు చెక్కు చెదర్లేదు. చెక్క ఒంగడం మాత్రం ఇద్దరికీ కనిపించింది. పైడమ్మ రోలు పక్కన చతికిలబడి చెక్కని రెండు చేతులా అదిమింది. బోటు కదలకూడదనే అనుకుంది గానీ, కదలని దాన్ని అంత బలంతో లాగితే ఏమవుతుందో ఆలోచించలేదు. దాలయ్యయినా ఆలోచించేవాడో లేదో. పిల్లి పడుకున్ననాడు ఆ బోటుని ఎవరూ ట్రాక్టరుతో లాగలేదు.

ఫెళ్ మంది.

పిల్లపడవ వెనకభాగం గీత పొడుగునా నోరు తెరిచింది. అశ్విని "ఓలమ్మో" అని ఒక్క కేక పెట్టి, పళ్ళెం తన్నుకుని, ఒడ్డుకేసి పరిగెత్తింది. "ఒలే, కడుపుతో ఉన్నావు, పరిగెత్తకు" అని అరుస్తూ పైడమ్మ లేవబోయి, మళ్ళీ రోలు మీదికి వంగింది. తనే చంపేసిందా? బోటు నీళ్ళలోకి వెళ్ళాక విరిగిందా? వేలు ఆ పగులులో పెట్టి చూసింది.

పొడి.

మళ్ళీ పెట్టింది. పొడే. తడి లేదు. ఉప్పు లేదు. అప్పుడు ఊపిరి వచ్చింది, ఊపిరితోపాటే కోపమూ వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని తనూ పరిగెత్తింది.

ఒడ్డున డప్పులు ఆగిపోయాయి. బోటు నీళ్ళకి బారెడు దూరంలో, పొడి ఇసకలో, వెనకభాగం చీలిపోయి పడుంది. లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడి చుట్టూ రాలింది. కొత్త సరంగు బోటెక్కి వెనకభాగంలో నిలబడటం ఆచారం కాబట్టి ఢిల్లీరావు మెళ్ళో దండతో, తలపాగాతో, సరిగ్గా అక్కడే నిలబడున్నాడు. ఇప్పుడు అతని కుడికాలు మోకాలి దాకా చీలికలో దిగబడిపోయి ఉంది. సోములూ ఇంకో ఇద్దరూ ఫైబరు ముక్కలు విరిచి కాలు బయటికి లాగుతున్నారు. పిక్క చీరుకుపోయింది గానీ ఎముకలు బాగానే ఉన్నాయి. అశ్విని అతని చొక్కా పట్టుకుని, ఏడుస్తూ, వీపుమీద దబదబా బాదుతోంది.

హరిబాబు పైడమ్మని చూడగానే మీదికొచ్చాడు. "ముక్కలు సేసేసినావు కదే నా బోటుని! నీ అంతు సూత్తాను, నిన్ను ఊళ్ళోంచి గెంటించకపోతే నా పేరు హరిబాబు కాదు!"

పైడమ్మ వంగి ఒక లప్పం పెచ్చు తీసింది. గుప్పిట్లో నలిపితే అది పిండైపోయింది. ఆ పిండి తీసుకెళ్ళి హరిబాబు తెల్లచొక్కా మీద కొట్టింది. "ఇదిగో బాబూ నీ బోటు. ఇదిగో నీ పరువు. జిగురు నాదే, ఊడలేదు. ఊడింది నీది. సూసుకో!"

టెక్కలి నుంచి వచ్చినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. హరిబాబు చెయ్యెత్తాడు. సోములు మధ్యకొచ్చి నిలబడ్డాడు. ఏమీ అనలేదు గానీ, తలూపలేదు కూడా. ఈలోగా ఢిల్లీరావు కుంటుకుంటూ వచ్చాడు. కొడతాడేమోనని అందరూ అనుకున్నారు. అతను దండ తీసి హరిబాబు చేతిలో పెట్టాడు.

"బాబూ, పొడినేల మీదే మోకాలి దాకా దిగిపోనాను" అన్నాడు. "నీళ్ళ మీదయితే ఎంతదాకా దిగుదునో నువ్వే సెప్పు."

హరిబాబు దండ పట్టుకుని టెక్కలి వాళ్ళ వంక చూశాడు. మగాళ్ళు ఒక్కొక్కరే విరిగిన బోటులోంచి తమ తమ వలలు తీసుకుని భుజాన వేసుకున్నారు. కేకలు లేవు, పంచాయితీ లేదు. ఇసక దులుపుకుని ఇళ్ళకి నడిచారు. ఆ ఏడాది వేట తెరిచిన రోజు ముందు దిగిన బోటు వేరే వాళ్ళది.

హరిబాబు తర్వాత ఇంకో బోటు కొన్నాడు గానీ దానికి మనుషులు దొరక్క అమ్మేసుకున్నాడు. పాత బోటు అక్కడే ఉంది, ఇప్పటికీ ఎవరివల్లా కదలదు. సోములు వేరే ఓనరు దగ్గర చేరాడు, సరంగుగా కాదు, వలలు లాగే కలాసీగా. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే పైడమ్మకి ఇప్పటికీ మండుతుంది. ఎవరి మీదో ఆమెకే సరిగ్గా తెలియదు గానీ, మండటం మాత్రం నిజం.

కార్తీకమాసంలో అశ్వినికి నొప్పులొచ్చాయి. ఢిల్లీరావు తనే ఆటో మాట్లాడి టెక్కలి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. పైడమ్మ తోడెళ్ళింది. లోపల అశ్విని ప్రతి నొప్పికీ మొగుణ్ణి తిట్టింది, అతని తాతల్నీ తిట్టింది, ఆస్పత్రంతా వినపడేలా తిట్టింది. నర్సులు ముక్కున వేలేసుకున్నారు. ఢిల్లీరావు వరండాలో తలుపుకి చెవి ఆనించి నిలబడి, మానిన పిక్క తడుముకుంటూ, ఒక్క తిట్టు కూడా పోకుండా విన్నాడు.